బరువున్న తాడు

ముహర్రక్ చేపల బజారు ఎనక సందుల నా దుకాణం.
దుకాణమంటే ఒక షట్టరు, రెండు స్టూళ్లు, టర్పెంటైన్ వాసన.
మెట్‌పల్లి లారీల మీద పులి బొమ్మలేసిన చెయ్యి ఇది.
ఇక్కడ హోటళ్ల గోడలకు సముద్రాలు గీస్తది,
నెలకు పదకొండు, ఫ్రేముతో సహా.

సముద్రం చూడకముందే గీసుడు నేర్చిన.
పైన లేత నీలం, కింద ముదురు నీలం,
రెండు నీలాల నడుమ ఒక సంబూక్,
చూలాలి కడుపు లెక్క ఉబ్బిన తెరచాప.
"ఇంకొంచెం ఉబ్బాలె" అంటరు మేనేజర్లు.
ఉబ్బిస్త. గాలికేమన్న పైసలా?

ఒకనాడు గడపల వచ్చి నిలబడ్డడు బూ రాషిద్.
ఒకప్పటి నఖుదా, పడవకు పెద్ద.
బస్రా ఖర్జూరం బొంబాయికి మోసిన మనిషి.
ఆయన హిందీల బొంబాయి రేవు ఇంకా తడి ఆరలేదు.
బొమ్మ దిక్కు చేతికర్ర లేపిండు:
"ఈ పడవ ఎటు పోతున్నది?"
నేనేం చెప్త?
గోడ మీదికి పోతున్నది.

"నాకొకటి గియ్యి. తెరచాప ఒద్దు.
ముత్యాల తిట్టల కాడ తెరచాప దించుతం,
లంగరేస్తం, తెడ్లు రెండు దిక్కుల రెక్కలోలె చాపుతం.
తెడ్డుకో తాడు. తాడు కింద మనిషి."
నీళ్లు నీలమే కాదన్నడు.
ఆయన చెప్పిన రంగుకు నా దగ్గరున్న మాట గంజి తేట.
పడవ కింది కడుపుకు సున్నం, కొవ్వు కలిపిన తెలుపు,
పైన సొరచేప నూనె తాగిన కట్టె.
"ఆ వాసన గియ్యగలవా?" అని నవ్విండు. పండ్లు మూడే.

గీసిన. వారానికి వచ్చి చూసిండు.
కొయ్యస్తంభాన్ని మెచ్చిండు. తెడ్లు లెక్కబెట్టిండు.
తాళ్ల కాడ ఆగిండు.
"ఇవి బట్టలారేసే తాళ్లు. మనిషేడి?"
నీళ్లల్ల ఉన్నడు గద, ఎట్ల కనబడ్తడన్న.
"తాడుల కనబడాలె."

పన్నెండేండ్లకు ఆయన సైబ్ అట, తాడు పట్టేటోడు.
కింద మేనమామ కొడుకు, ముక్కుకు కొమ్ము చిమ్టా,
కాలు రాతి ఉచ్చుల, మెడల వల సంచి.
ఒక గుంజు గుంజితే పైకి లాగాలె.
"ఒకసారి తాడు అల్కగ వచ్చింది" అన్నడు.
అంతే అన్నడు. నేనడగలేదు.
చాయ్ మీద మీగడ కట్టింది.

ఆ రాత్రి ఏసీ చప్పుడుల పండుకొని
తాడును యాదికి తెచ్చుకున్న.
మా నాయిన బాయిలల్ల పూడిక తీసేటోడు.
ముందుగాల కందిలి దించేది,
కందిలి ఆరకుంటే నాయిన దిగేది.
గిరక తాడు నా చేతుల. నాకు తొమ్మిదేండ్లు.
మనిషున్న తాడు ఉత్తగ నిలబడదు,
జరంత తిరుగుతది, పురి బిగుసుకుంటది,
పేడు పేడు నుంచి నీళ్లు పిండుతది,
దాని వణుకు మోచేతి దాక ఎక్కుతది.
బొక్కెన బరువు వేరు. మనిషి బరువు వేరు.
మనిషి బరువు
పైనున్నోని ఊపిరి ఇంటది.

పొద్దున తాళ్లన్నీ తుడిచేసిన. సన్న కుంచె తీసిన.
ఒక్క తాడే గీసిన, తక్కినవి ఉన్నట్టు చేసిన.
దాన్ని పట్టుకున్న పోరగాని మొఖం గియ్యలే.
మోచేతులు గీసిన.
తొమ్మిదేండ్లయో, పన్నెండేండ్లయో.

బూ రాషిద్ చూసిండు.
చేతికర్ర గోడకు ఆనించి
రెండు పిడికిళ్లు ఒకదాని మీదొకటి మూసిండు,
ఉత్త గాలి మీద.
సందుల ఐసు బండి పోయింది, చేపనీళ్లు కారుకుంట.
పిడికిళ్లు ఇప్పలేదు.
నేను గూడ ఊపిరి తియ్యలేదని
దగ్గొచ్చినంక తెలిసింది.

పైసలు తీసేటప్పుడు మల్ల బొంబాయి బేరగాడైండు.
"తెరచాప లేదు గద, రంగు తక్కువ పట్టింది" అని
రెండు దినార్లు కోసుకున్నడు.